రేడియో జర్నలిజం: బోధన, పరిశోధన



వార్షికోత్సవ సంచికకు నలుగురికీ పనికొచ్చేది ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు ఫోన్ చేసి అడిగారు. ఇంజనీరింగ్ గురించి, పోలీస్ సెలెక్షన్ల గురించి, డీఎస్సీ గురించి రాసేవాళ్ళు ప్రతి సంచికలోనూ ఉంటారు. మేము చదివింది ఎం.ఏ. జర్నలిజం, అందులో మాకు ఇష్టమైంది రేడియో. ఇటువంటి చదువు ఒకటి ఉందని, దీన్ని పాఠంగా చెప్పే అధ్యాపకులు, దీనిపై జీవితమంతా పరిశోధన చేసినవాళ్ళు ఉన్నారని డిగ్రీ పూర్తయ్యేదాకా మాకు తెలియదు. మీకు కొంచెం ముందే తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము 6వ తరగతిలో ట్రంకు పెట్టె మోసుకుని ఇక్కడికి వచ్చినప్పుడు హాస్టల్ మొత్తానికి ఒకటే రేడియో. అది వాచ్‌మన్ తాతది. బ్యాటరీల మూత ఎప్పుడో పోయింది, రబ్బరు బ్యాండు కట్టి ఉండేది. పొద్దున బకెట్లు పట్టుకుని నీళ్ళ కుళాయి దగ్గర వరుసలో నిలబడితే ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు వినబడేవి. మాకు అర్థమైంది తక్కువే. వార్తలు అయిపోయేలోపు స్నానం కాకపోతే ఉప్మా అడుగు మిగులుతుందని మాత్రం అందరికీ తెలుసు. అప్పట్లో మాకు రేడియో అంటే ఒక గడియారం, అంతే.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్నది మేమే మొదలు. నాయిన సెంట్రింగ్ పనికి పోతాడు, అమ్మ కూలికి పోతుంది. ఎం.ఏ.లో చేరిన రోజు నాయనమ్మ అడిగింది: "రేడియో సదువేంది బిడ్డా? రిపేరు చేసుడు నేర్పుతరా?" కాదు, రేడియోల మాట్లాడుడు, దాని గురించి రాసుడు అని చెప్పాం. "మాట్లాడుడు నేర్సుకోనీకి గూడ ఫీజు కడుతరా?" అంది. మా బావ నవ్వలేదు. "బి.ఎడ్. చేసుంటే ఈపాటికి డీఎస్సీకి తయారవుతుంటివి గద" అన్నాడు. ఆయన మాట తీసివేయదగ్గది కాదు. దాని సంగతి చివర్లో చెబుతాం.

ఎం.ఏ. పూర్తయ్యాక ఒక విశ్వవిద్యాలయంలో పి.హెచ్.డి. ఇంటర్వ్యూకు వెళ్ళాం. రేడియో శ్రోతల మీద పరిశోధన చేస్తామని కాగితం మీద రాసుకుని వెళ్ళాం. లోపల కూర్చున్నవారిలో ఒకరు ఒకటే ప్రశ్న వేశారు: "ఈ కాలంలో రేడియో ఎవరు వింటున్నారు?" మాకు జవాబు రాలేదు. గొంతు ఆరిపోయింది. చాలామంది వింటున్నారండీ అన్నాం. ఎంతమంది, ఎలా తెలుసు అని మళ్ళీ అడిగారు. సీటు రాలేదు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ కోపంగా ఉండింది. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే, రేడియో పరిశోధన అనే శాస్త్రం పుట్టిందే ఆ ప్రశ్నలోంచి అని గుర్తొచ్చింది. చదివిన సంగతే, ఆ నిమిషంలో నోటికి రాలేదు.

వియన్నా నుంచి పూనా దాకా

పత్రిక ఎన్ని కాపీలు అమ్ముడుపోయిందో లెక్క చూస్తే తెలుస్తుంది. సినిమాకు ఎన్ని టిక్కెట్లు తెగాయో తెలుస్తుంది. రేడియోకు అలా కాదు. గాలిలోకి వదిలిన మాట ఎవరింట్లో దిగిందో, విన్నవాళ్ళు ఏమనుకున్నారో స్టేషన్లో కూర్చున్నవాళ్ళకు తెలిసే దారి లేదు. 1931-32లో ఆస్ట్రియా రేడియో సంస్థ ఈ ఇబ్బందితోనే పాల్ లాజర్స్‌ఫెల్డ్ అనే యువ పరిశోధకుణ్ణి ఆశ్రయించింది. వియన్నాలో ఆయన బృందం శ్రోతలకు ప్రశ్నపత్రాలు పంచితే లక్షా పది వేల మందికి పైగా జవాబులిచ్చారు. ఎవరికి ఏ కార్యక్రమం ఎక్కువ కావాలి, ఏది తక్కువ కావాలి అన్నది వయస్సు వారీగా, వృత్తి వారీగా లెక్క కట్టారు. కూలివాళ్ళ ఇష్టం వేరు, ఆఫీసరు ఇష్టం వేరు అని అంకెల్లో తేలడం అప్పటికి కొత్త.

ఆ బృందంలోనే హెర్టా హెర్జోగ్ అనే అమ్మాయి ఉండేది. ఆమె డాక్టరేటు కోసం చేసిన పని మాకు చాలా ఇష్టం. వేరువేరు వృత్తులవాళ్ళ చేత ఒకే విషయాన్ని రేడియోలో చదివించి, ఆ గొంతులు విని చదివినవారి వయస్సు, వృత్తి, ఆకారం ఊహించి రాయమని శ్రోతలను అడిగారు. మనిషి కనబడకుండా గొంతు ఒక్కటే వినబడితే మనం ఆ మనిషిని ఎలా కట్టుకుంటామో తెలుసుకోవడం ఆమె ఉద్దేశం. ఈ పరిశోధన 1930ల తొలి సంవత్సరాలది.

ఇది చదివినప్పుడు మాకు మా మొదటి ప్రాక్టికల్ క్లాసు గుర్తుకొచ్చింది. మైకు ముందు బులెటిన్ చదవమంటే చదివాం. 'ళ' పలికిన చోట 'ల' పడింది, 'శ' ఉన్న చోట 'స' పడింది. వెనక బెంచీలో నవ్వారు. ఏ ఊరు, ఏ హాస్టలు అన్నది గొంతులోనే తెలిసిపోతోందని ఒకరు అన్నారు. వియన్నాలో శ్రోతలు చేసిన పనే మా క్లాసులో వాళ్ళూ చేశారన్నమాట! తమ్ముళ్ళూ, ఇందులో రెండు సంగతులున్నాయి, కలిపి చూడవద్దు. అక్షరం స్పష్టంగా పలకడం నేర్చుకోవలసిన విద్య. రోజూ అరగంట పేపరు గట్టిగా చదివితే నాలుగైదు నెలల్లో వస్తుంది, మాకు వచ్చింది. యాస మాత్రం తప్పు కాదు. దాన్ని దిద్దుకోవలసిన పని లేదు. ఎందుకో మాచ్‌నూరు దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాం.

లాజర్స్‌ఫెల్డ్ యూదుడు. వియన్నా వాతావరణం చెడిపోయాక అమెరికాలోనే ఉండిపోయారు. 1937లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పేరుతో మొదలైన రేడియో పరిశోధన పథకానికి ఆయనే డైరెక్టరు. హెర్జోగ్ కూడా అక్కడ చేరింది. పగటిపూట వచ్చే ధారావాహిక నాటకాలను గృహిణులు ఎందుకు వింటారో వాళ్ళనే అడిగి ఆమె రాసిన వ్యాసం 1941లో వచ్చింది. ఇవాళ్టి టీవీ సీరియళ్ళ మీద పరిశోధన చేసేవాళ్ళు కూడా అక్కడి నుంచే మొదలుపెడతారు.

1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ బృందం అంగారక గ్రహవాసులు భూమి మీద దిగినట్లు వార్తల పద్ధతిలో ఒక నాటకం ప్రసారం చేసింది. అది నిజమనుకుని అమెరికా మొత్తం వీధుల్లోకి పరుగెత్తిందని మన జనరల్ నాలెడ్జి పుస్తకాల్లో రాస్తారు. అంత జరగలేదు. 1940లో హ్యాడ్లీ కాంట్రిల్ రాసిన పుస్తకం కోసం 135 మందితో మాట్లాడారు. వారిలో ఎక్కువమంది భయపడ్డారని ముందే తెలిసి ఎంచుకున్నవారు. భయపడ్డవాళ్ళను వెతికి అడిగితే అందరూ భయపడ్డారనే తేలుతుంది కదా! పత్రికలు ఆ భయాన్ని ఇంకా పెంచి రాశాయని తర్వాతి పరిశోధకులు నిరూపించారు. ఎవరిని అడుగుతున్నాం అన్నది ఏమి అడుగుతున్నాం అన్నంత ముఖ్యమని మాకు ఈ పాఠంతో తెలిసింది.

మన దేశం విషయానికి వస్తే 1956 నాటి పూనా ప్రయోగం గురించి తప్పక తెలుసుకోవాలి. యునెస్కో సాయంతో ఆకాశవాణి అప్పటి బొంబాయి రాష్ట్రంలో 5 జిల్లాల్లో సుమారు 150 గ్రామాల్లో రేడియో రైతు వేదికలు పెట్టింది. ఊళ్ళో 20 మంది దాకా రేడియో చుట్టూ కూర్చుని వారానికి రెండుసార్లు కార్యక్రమం వినాలి. తర్వాత తమలో తాము చర్చించాలి. సందేహాలు, నిర్ణయాలు స్టేషనుకు రాసి పంపాలి. దీన్ని అంచనా వేసిన బాధ్యత బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌ది. నడిపించినవారు పాల్ న్యూరత్. ఈయనా వియన్నావాడే. హిట్లర్ నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడి, అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి, మన దేశానికి వచ్చి పల్లెటూళ్ళు తిరిగారు.

ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, వేదికలున్న ఊళ్ళను మాత్రమే చూసి ఊరుకోలేదు. రేడియో ఉండీ వేదిక లేని ఊళ్ళను, రేడియోనే లేని ఊళ్ళను కూడా పక్కన పెట్టుకుని పోల్చారు. ప్రసారాలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ప్రశ్నలడిగారు. వేదికలున్న ఊళ్ళలో తెలివిడి బాగా పెరిగింది. రేడియో ఉండి చర్చ లేని ఊళ్ళలో పెరుగుదల తక్కువ. అంటే ఊరికి పెట్టె ఇస్తే సరిపోలేదు, కూర్చుని మాట్లాడుకోవడం వల్ల పని జరిగింది. మన స్టడీ అవర్‌లో ఒకడు గట్టిగా చదివితే పదిమంది వింటూ మధ్యలో ప్రశ్నలు వేస్తామే, అటువంటిదే ఇది.

చెవికి రాయడం

రేడియో క్లాసులో ఏం చెబుతారని చాలామంది అడుగుతారు. సగం పాఠం రాత గురించే. పేపరు చదివేవాడికి అర్థం కాకపోతే పై వాక్యానికి వెళ్ళి మళ్ళీ చదువుకుంటాడు. రేడియో వినేవాడు వెనక్కి వెళ్ళలేడు. ఉదాహరణకు పేపర్లో ఇలా ఉందనుకోండి: "జిల్లావ్యాప్తంగా నిన్న కురిసిన భారీ వర్షాల కారణంగా 1,247 ఎకరాల్లో పత్తి పంట దెబ్బతిన్నట్లు వ్యవసాయ శాఖ అధికారులు ప్రాథమికంగా అంచనా వేశారు." దీన్ని చెవికి రాస్తే: "నిన్నటి వానకు జిల్లాలో పత్తి దెబ్బతింది. దాదాపు పన్నెండు వందల యాభై ఎకరాల్లో పంట పోయిందని వ్యవసాయ అధికారులు చెబుతున్నారు. ఇది తొలి అంచనా మాత్రమే." ఒక వాక్యానికి ఒకటే సంగతి. అంకెను నోటికి పట్టేలా సర్దాలి. చదవబోయే ముందు పక్కవాడికి ఒకసారి వినిపించాలి, వాడు "ఆఁ?" అన్న చోటల్లా తిరగరాయాలి.

మిగతా సగం శబ్దం. మైకును నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, జానెడు దూరంలో పెడితే 'ప', 'ఫ' లు పలికినప్పుడు ఊపిరి తగలదు. ఫ్యాను ఆపాలి. రికార్డు చేసిన చోట ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం ఊరికే కూడా రికార్డు చేసి పెట్టుకోవాలి, తర్వాత అతుకులు కనబడకుండా ఉంటాయి. కోయడానికి, అతకడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. స్టూడియో లేదని ఆగనక్కరలేదు. మేము మొదటి రికార్డింగు పరుపుల గదిలో చేశాం. గోడలకు పరుపులు ఆనించి ఉంటాయి కాబట్టి ప్రతిధ్వని రాదు.

కానీ ఒక నిజం చెప్పాలి. మన దేశంలో రేడియో జర్నలిజం చెప్పే అధ్యాపకుడి పని విచిత్రమైంది. వార్తలు సొంతంగా తయారుచేసి ప్రసారం చేసే హక్కు ఇక్కడ ఆకాశవాణికే ఉంది. 2001లో ప్రైవేటు ఎఫ్.ఎం. స్టేషన్లు వచ్చాయి, వాటికి పాటలు, కబుర్లే. తర్వాత ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వేసుకోవచ్చన్నారు. గంటకు 10 నిమిషాల వరకు వార్తలకు అనుమతి ఇవ్వవచ్చని ట్రాయ్ 2023 సెప్టెంబరులో సిఫారసు చేసింది. ఊరూరా వంట నేర్పుతూ హోటలు మాత్రం ఒక్కటే ఉంచినట్లుంది పరిస్థితి. అందుకే ఈ సబ్జెక్టులో పరిశోధన ఎక్కువగా వార్తల కంటే సమాజ రేడియో వైపు నడిచిందని మా అభిప్రాయం.

మాచ్‌నూరు

సమాజ రేడియో కథ క్రికెట్‌తో మొదలవుతుంది. 1993లో హీరో కప్ మ్యాచ్‌ల ప్రసార హక్కుల మీద కేంద్ర ప్రభుత్వానికి, బెంగాల్ క్రికెట్ సంఘానికి తగవు వచ్చి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1995 ఫిబ్రవరి 9న జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ ఎస్. మోహన్, మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తీర్పు చెప్పారు. వాయు తరంగాలు ప్రజల ఆస్తి అన్నారు. బ్యాటు బంతి గొడవలోంచి ఇంత మాట వచ్చింది!

ప్రజల ఆస్తే అయితే ప్రజలకు ఇవ్వాలి కదా. పాత మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఈ మాటను గట్టిగా పట్టుకున్నాయి. ఈ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, చెలకల్లో జొన్న, కొర్ర, సామ పండించేవాళ్ళు. యునెస్కో సాయంతో 1998లో మాచ్‌నూరులో స్టూడియో తయారైంది. లైసెన్సు మాత్రం రాలేదు. ఒక ఏడాది కాదు, రెండేళ్ళు కాదు, పదేళ్ళు. ఆ పదేళ్ళూ వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘం సమావేశాలకు తీసుకుపోయి వినిపించారు. గాలిలో పోవద్దంటే చేతిలో పట్టుకుని పోయారన్నమాట. కర్ణాటకలో బూదికోటె అనే ఊళ్ళో ఇంకో ఉపాయం చేశారు, టీవీ కేబుల్ తీగలోనే తమ రేడియోను పంపారు.

2002 చివర్లో విద్యాసంస్థలకు అనుమతి ఇచ్చారు. 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం స్టేషను మొదలైంది. స్వచ్ఛంద సంస్థలకు 2006 నవంబరులో దారి తెరిచారు. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలుపెట్టింది. ప్రారంభించింది ఆ తీర్పు చెప్పిన జస్టిస్ సావంత్ గారే. నడిపింది జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. విత్తనాల గురించి, పండుగల గురించి, పశువుల రోగాల గురించి తమ ఇళ్ళలో మాట్లాడే తెలుగులోనే మాట్లాడారు. మా క్లాసులో నవ్వు తెప్పించిన యాస అక్కడ స్టేషను భాష. యాస తప్పు కాదని పైన అన్నది ఇందుకే.

ఈ పోరాటాన్ని పుస్తకంగా రాసినవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయం అధ్యాపకులు వినోద్ పావరాల, కాంచన్ కె. మాలిక్. 'అదర్ వాయిసెస్' అనే ఆ పుస్తకం 2007లో వచ్చింది, అంటే సంఘం రేడియో గాలిలోకి రాకముందే. జహీరాబాద్‌తో పాటు బూదికోటె, కచ్, జార్ఖండ్‌లోని పలామూ అనుభవాలు అందులో ఉన్నాయి. 2011లో సమాజ మాధ్యమాలపై యునెస్కో పీఠం ఆ విశ్వవిద్యాలయానికి వచ్చింది. రేడియో అధ్యాపకుడంటే మైకు పట్టుకోవడం నేర్పేవాడే అనుకున్న మాకు, చట్టం మార్చాలని వాదించేవాడు కూడా అధ్యాపకుడే అని ఈ పుస్తకం చదివాక తెలిసింది.

మేము అడిగిన ప్రశ్న

ఇంటర్వ్యూ పోయాక మేము ఊరికి వెళ్ళి మా వాడలో ఇల్లిల్లూ తిరిగాం. "రేడియో వింటారా?" అని అడిగాం. లేదన్నారు. అందరూ లేదన్నారు. "రేడియోలు ఎక్కడున్నయిరా ఇప్పుడు" అని మమ్మల్నే అడిగారు. ఆ ప్రొఫెసర్ గారి మాటే నిజమని దిగులు పడ్డాం.

మరునాడు అమ్మతో పాటు పత్తి చేనుకు పోయాం. పక్క సాలులో పెద్దమ్మ కొంగులో కీప్యాడ్ ఫోను కట్టుకుని, ఇయర్‌ఫోను చెవిలో పెట్టుకుని పత్తి ఏరుతోంది. "ఏం వింటున్నవు పెద్దమ్మా?" అంటే "పాటలు" అంది. ఎక్కడి పాటలంటే "గీ ఫోన్ల వస్తయి గద" అంది. తీసి చూస్తే ఎఫ్.ఎం. రేడియో. నిన్న సాయంత్రం లేదు అని చెప్పింది ఈ పెద్దమ్మే. ఆమె అబద్ధమాడలేదు. ఆమెకు రేడియో అంటే గూట్లో పెట్టే పెట్టె, చేతిలోది ఫోను. మా ప్రశ్నే తప్పు. తిరిగి అవే ఇళ్ళకు పోయి "పని చేసేటప్పుడు చెవిలో ఏం పెట్టుకుంటరు?" అని అడిగితే జవాబులు మారిపోయాయి. టైలరు, గేదెలు కాసే మామ, ఆటో నడిపే అన్న, అందరూ ఏదో ఒకటి చెప్పారు. నోట్‌బుక్ నిండింది. ఇయర్‌ఫోను తీగే చాలా ఫోన్లలో ఏరియల్‌గా పనిచేస్తుందని, అందుకే తీగ తెగితే స్టేషన్లు పోతాయని కూడా ఆ గేదెల మామే మాకు చెప్పాడు.

ఇక దారి సంగతి. డిగ్రీ ఏ గ్రూపైనా ఎం.ఏ. జర్నలిజంలో చేరవచ్చు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954 నుంచి ఉంది. ఎం.ఏ. తర్వాత యు.జి.సి. నెట్ రాయాలి, సబ్జెక్టు పేరు మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం. ఎం.ఏ.లో జనరల్ వారికి 55 శాతం, మనకు 50 శాతం ఉండాలి. 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు, తప్పుకు మార్కులు కోత లేదు. ప్రశ్నపత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తెలుగు మీడియం వాళ్ళకు ఇదే పెద్ద గోడ. మేము మొదట్లో ప్రతి ఇంగ్లీషు పేజీని తెలుగులో సొంత మాటల్లో రాసుకుని చదివాం. జె.ఆర్.ఎఫ్. వస్తే 2023 జనవరి నుంచి పెంచిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు. ఎస్సీ విద్యార్థులకు వేరుగా జాతీయ ఫెలోషిప్ ఉంది. సహాయ ఆచార్యుడి మూల వేతనం 57,700తో మొదలవుతుంది. ఇది వినగానే బావ కొంచెం మెత్తబడ్డాడు. అయితే పోస్టులు అరుదుగా పడతాయి, గెస్ట్ ఫ్యాకల్టీగా ఏళ్ళ తరబడి పనిచేస్తున్నవాళ్ళను మేము చూశాం. అది దాచి రాస్తే మీకు అన్యాయం చేసినట్లే.

మాకు నెట్ వచ్చింది. సహాయ ఆచార్యుడికి, పి.హెచ్.డి.కి అర్హత వచ్చింది కానీ జె.ఆర్.ఎఫ్. కొద్దిలో తప్పింది. ఫెలోషిప్ లేకుండా పి.హెచ్.డి.లో చేరితే ఇంటికి పంపేది ఏమీ ఉండదు. నాయినకు మోకాలు నొప్పి, నిచ్చెన ఎక్కడం తగ్గించాడు. ఇంట్లో మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం: ఇంకొక్కసారి రాస్తాం. రాకపోతే బి.ఎడ్. దరఖాస్తు పెడతాం. ఇప్పుడు పొద్దున ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతూ సాయంత్రం చదువుకుంటున్నాం. పత్తి చేను నోట్‌బుక్ మళ్ళీ ఇంటర్వ్యూకు పిలిస్తే తీసుకుపోవడానికి అట్ట వేసి పెట్టాం.

నెట్ మొదటి పేపరు నోట్సు, రేడియో పాఠాల నోట్సు, మా తెలుగు రాతతో ఉన్న మూడు లాంగ్ బుక్కులు జిరాక్స్ తీయించి వార్డెన్ గారి బీరువాలో పెట్టించాం. ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్ళు రిజిస్టర్లో పేరు రాసి తీసుకోవచ్చు. మెస్‌లోకి మాత్రం తీసుకుపోవద్దు, రెండో బుక్కులో 40వ పేజీ మీద ఇప్పటికే సాంబారు మరక ఉంది, ఆ మరక కింద ఉన్న పేరు లాజర్స్‌ఫెల్డ్‌దే.